అమ్మకి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులు: పని మాన్పించాలా, నడిపించాలా?

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. అమ్మగారికి 57 ఏళ్లు, పలాసలో జీడిపప్పు పని, ఏళ్ల తరబడి కింద కూర్చుని పప్పు పొట్టు తీస్తున్నారు. మూడేళ్లుగా నడుం నొప్పి, ఏడాది నుంచి రెండు మోకాళ్లు కూడా. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది భాగంలో నాలుగు, ఐదు పూసల మధ్య, డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) ఉబ్బింది అన్నారు, మోకాళ్ల ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిపోయింది అన్నారు. ఒక డాక్టరు గారు బరువులెత్తొద్దు, రెస్ట్ తీసుకోండి అంటే ఇంకొకరు నడవమన్నారు. ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుంటే పదిరోజులు బాగుంటోంది, తర్వాత మళ్లీ మొదలు. మీరు విశాఖలో ఉద్యోగంలో ఉండి, అమ్మని పని మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాలా అని అడుగుతున్నారు.

నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ అమ్మగారి లాంటివాళ్లే. ఉభాల్లో (వరి నాట్లలో) వంగి వంగి నడుం పట్టేసిన ఆడవాళ్లు, జూట్ మిల్లులో షిఫ్టంతా నిలబడేవాళ్లు, రిటైరయ్యాక ఒక్కసారిగా కుర్చీకి అతుక్కుపోయిన మాస్టార్లు. కాబట్టి సూటిగా చెప్తాను. అమ్మని కూర్చోబెట్టకండి. ప్రమాదకరమైన కారణాలేవీ లేవని ఒకసారి డాక్టరుతో తేల్చుకున్నాక, పని చేసే తీరు కొంచెం మార్చి, రోజూ నడిపించి, తొడలకీ నడుముకీ బలం వచ్చే రెండు మూడు కసరత్తులు చేయిస్తే, మూడు నెలల్లో తేడా ఆవిడకే తెలుస్తుంది. నొప్పి మొత్తం మాయమైపోతుందని మాట ఇవ్వను. కానీ మూడేళ్ల నుంచి ఆవిడ మానేసిన పనులు కొన్ని మళ్లీ చేసుకోగలుగుతారు, నా లెక్కలో అదే అసలు ఫలితం.

అయితే కసరత్తుల కంటే ముందు ఆ ఇంజెక్షన్ల సంగతి చూడాలి. మీది పలాస కాబట్టి ఇది మరీ గట్టిగా చెప్తున్నాను.

ఉద్దానం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. దానికి అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. కానీ ఉన్న కిడ్నీని ఇంకా పాడుచేసేవి ఏవో మాత్రం బాగా తెలుసు, వాటిలో నొప్పి మాత్రలు ఒకటి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి నొప్పినీ వాపునీ తగ్గిస్తాయి నిజమే, అదే సమయంలో కిడ్నీకి వెళ్లే రక్తాన్ని కూడా తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నాలుగు రోజులు వేసుకుంటే చాలావరకు ఏమీ కాదు. బీపీయో షుగరో ఉండి, ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగ్గా తాగకుండా నెలల తరబడి వాడితే ఆ దెబ్బ వేరు. కిడ్నీ జబ్బులో ఇబ్బందేమిటంటే చాలాదూరం వెళ్లేదాకా నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు.

అందుకని ఈ వారమే అమ్మగారికి సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే రక్త పరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించండి. ఖరీదైన పరీక్షలు కావు. పలాసలోనే 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ప్రభుత్వ కిడ్నీ ఆస్పత్రి ఉంది, అక్కడైనా చూపించవచ్చు. రిపోర్టు వచ్చేదాకా నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు. మరీ తట్టుకోలేకపోతే పారాసిటమాల్ కొంత నయం, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే. మోకాళ్లకైతే నొప్పి జెల్ మంచిదే, రాసిన చోట పనిచేస్తుంది, మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. క్రియాటినిన్ ఎక్కువగా ఉందంటే మాత్రం జెల్ కూడా డాక్టర్ని అడిగే వాడండి.

ఇక ఊళ్లో చేసే ఆ ఇంజెక్షన్ ఏమిటో కనుక్కోండి. ఖాళీ సీసా అడిగి ఫోటో తీసి, ఎంబీబీఎస్ డాక్టరుకి ఎవరికైనా చూపించండి. చాలాచోట్ల ఇచ్చేది నొప్పి మందుతో పాటు స్టెరాయిడ్. వేసిన రోజే లేచి తిరుగుతారు, ఆకలి పెరుగుతుంది, మొహం నిండుగా కనిపిస్తుంది, అమ్మకి ఒళ్లు చేసిందని ఇంట్లో సంతోషిస్తారు కూడా. లోపల షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. పొట్లాల్లో ఇచ్చే నాటు మందు పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి. ఒక జాగ్రత్త: నెలల తరబడి స్టెరాయిడ్ వాడి ఉంటే ఒక్కసారిగా ఆపకూడదు, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి.

ఇప్పుడు రిపోర్టుల దగ్గరకి వద్దాం. 'డిస్క్ ఉబ్బింది', 'గుజ్జు అరిగింది' అనే రెండు మాటలు మన దగ్గర మనుషుల్ని మంచాన పడేస్తున్నాయి. అసలు ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వేశారు. నొప్పి లేని 50 ఏళ్లవాళ్లలో నూటికి 60 మందికి డిస్క్ ఉబ్బి ఉంది, 80 మందికి డిస్క్ అరుగుదల ఉంది. 20 ఏళ్ల కుర్రాళ్లలోనే నూటికి 30 మందికి ఉబ్బు కనిపించింది. అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కులూ మారతాయి. మీ అమ్మగారి ఎమ్మారైలో కనిపించిన ఉబ్బు మూడేళ్ల నొప్పికి కారణం అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. నొప్పి కాలిలోకి దిగి, తిమ్మిర్లు పట్టి, పాదంలో బలం తగ్గి, అవి స్కాన్‌లో ఒత్తుకున్న నరంతో సరిపోతేనే ఆ మాటకి విలువ. నడుములో మాత్రమే నొప్పి ఉంటే, స్కాన్ కాగితం చూసి భయపడాల్సింది ఏమీ లేదు. డిస్క్ నిజంగా బయటికి జారినవాళ్లలో కూడా చాలామందికి నెలలు గడిచేకొద్దీ ఆ ముక్క దానంతట అదే కుంచించుకుపోతుంది.

గుజ్జు విషయం కూడా అంతే. ఎక్స్‌రేలో మోకీలు బాగా అరిగి కనిపించినవాళ్లు సంతకి నడిచి వెళ్లి వస్తారు, కొంచెమే అరిగినవాళ్లు మెట్టు దిగలేరు. అరిగేదేదో అరిగిపోయింది కాబట్టి మిగిలిందైనా దాచుకుందాం, నడిస్తే అది కూడా పోతుంది అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కీలు చివర ఉండే ఆ మెత్తటి పొరకి రక్తనాళాలు లేవు. కీలు కదిలి, బరువు పడి, బరువు లేచినప్పుడే దానికి పోషకాలు అందేది. కదలని కీలుకి తిండి అందదు, చుట్టూ ఉన్న తొడ కండరం కూడా పీక్కుపోతుంది. ఆ కండరం తగ్గినకొద్దీ ప్రతి అడుగులో అదురు నేరుగా కీలు మీద పడుతుంది.

రెస్ట్ విషయంలో పాత సంగతి ఒకటి చెప్తాను. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకీలో, కొత్తగా నడుం పట్టేసిన నగరపాలక ఉద్యోగుల్ని మూడు భాగాలు చేశారు. కొందరికి రెండు రోజులు మంచం మీద పడుకోమని చెప్పారు, కొందరికి నడుం కసరత్తులు ఇచ్చారు, మిగతావాళ్లని నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికంటే త్వరగా కోలుకున్నది మామూలుగా తిరిగినవాళ్లు. అందరికంటే ఆలస్యమైంది పడుకున్నవాళ్లకి. అదీ రెండు రోజుల పడకకే. మన ఇళ్లల్లో నెల రోజులు పడుకోబెట్టేవాళ్లున్నారు! నడుం బాగా పట్టేసిన రోజు, ఒకటి రెండు రోజులు ఎక్కువసేపు పడుకుంటే తప్పులేదు, మధ్యమధ్యలో లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి, అంతే.

బరువులెత్తొద్దు అనే సలహా గురించి కూడా రెండు మాటలు రాయాలి, ఎందుకంటే ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది, అక్కడ ఇంటింటికీ ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తారు, ఆ ఊరమ్మాయి 2014 కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో పతకం తెచ్చింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం గెలిచింది. అలాంటి జిల్లాల్లో మనం మన అమ్మలకి, నీళ్ల బిందె ఎత్తితే వెన్నుపూస జారిపోతుందని చెప్పి భయపెడుతున్నాం. మల్లీశ్వరి వెన్ను ఇనుముతో చేసింది కాదు, కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ వెళ్లి గట్టిపరచుకున్నది. వెన్నుకి బరువు శత్రువు కాదు, అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడటమే ఇబ్బంది. ఏడాదంతా బరువెత్తని మనిషి ఉభాల వారంలో పొద్దున్నించి సాయంత్రం దాకా వంగితే పట్టేయక ఏం చేస్తుంది?

జూట్ మిల్లులో పనిచేసే ఒకాయన నా దగ్గరకొచ్చినప్పుడు నడుం బెల్టు లేకుండా బాత్రూముకి కూడా వెళ్లేవాడు కాదు. రిపోర్టులో ఇదే ఎల్4-ఎల్5. వంగొద్దన్నారని చెప్పి కింద పడిన తువ్వాలు కూడా భార్య చేతే తీయించుకునేవాడు. పరీక్ష చేస్తే కాలి బలం బాగుంది, స్పర్శ బాగుంది, వంగడానికి అడ్డమేమీ లేదు, భయం తప్ప. మొదటివారం కుర్చీలో కూర్చుని మోకాళ్ల దాకా వంగి లేవడం, తర్వాత చీలమండ దాకా, తర్వాత నిలబడి స్టూలు మీది సంచి ఎత్తడం, సంచిలో మొదట రెండు కేజీల బియ్యం, వారానికి కాస్త పెంచుకుంటూ పోయాం. బెల్టు మొదట ఇంట్లో తీయించాను, ఆ తర్వాత బయట కూడా. ఇప్పుడు అదే మిల్లులో అదే పని చేస్తున్నాడు, అప్పుడప్పుడు పట్టేస్తుంది, పట్టేసినా ఏం చేయాలో తెలుసు కాబట్టి హడావుడి పడడు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కసరత్తులు, జబ్బు గురించి సరైన అవగాహన, కావాలంటే మసాజ్ లాంటివి పెట్టుకోమన్నారు, నడుం బెల్టులూ, బరువులు కట్టి నడుం లాగే ట్రాక్షనూ రొటీన్‌గా వద్దన్నారు.

మళ్లీ మీ అమ్మగారి పని దగ్గరకి. నేను పలాస వైపు నుంచి వచ్చే ఆడవాళ్లని అడిగి తెలుసుకున్నదేమిటంటే, కూలి కిలో లెక్కన ఉంటుంది, కాబట్టి మధ్యలో లేస్తే డబ్బులు పోతాయని గంటల తరబడి కదలరు. మఠం వేసుకునో, ఒక కాలు మడిచి ఇంకో కాలు నిలబెట్టో కూర్చుని, మెడ వంచి, వేళ్లు మాత్రమే ఆడుతుంటాయి. గంటకోసారి లేచి కసరత్తు చేయమని చెప్తే ఎవరూ చేయరు, నేను చెప్పడం కూడా మానేశాను. దానికి బదులు పనిలోనే ఉన్న విరామాలు వాడుకోవాలి. ఒలిచిన పప్పు తూకానికి ఇచ్చేటప్పుడు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తీసుకెళ్లడం, ఒలవాల్సిన పప్పు పక్కనే గుట్ట పోసుకోకుండా నాలుగడుగుల దూరంలో పెట్టుకోవడం, నీళ్ల సీసా చేతికందేలా కాకుండా గుమ్మం దగ్గర పెట్టుకోవడం. లేచిన ప్రతిసారీ రెండు చేతులూ నడుం మీద పెట్టి వెనక్కి ఐదుసార్లు వంగాలి, అర నిమిషం పని. దీనికి కూలి తగ్గదు, నీళ్లు తాగడమూ పెరుగుతుంది, మీ ప్రాంతానికి అది రెండో లాభం.

ఇంకోటి, కూర్చునే ఎత్తు. నేల మీద నుంచి జానెడు ఎత్తు పీట వేసుకున్నా తుంటి కొంచెం పైకి లేస్తుంది, మోకాలు మరీ మడత పడదు. ముందు పళ్లెం కింద కూడా ఏదైనా ఎత్తు పెట్టుకోవాలి, లేకపోతే పీట ఎక్కినంత లాభమూ మెడ వంపులో పోతుంది. షెడ్డు యజమాని ఒప్పుకుంటే స్టూలు, బల్ల ఇంకా మంచిది. కింద కూర్చోవడం జీవితంలో మానేయాలని నేను అనను. మోకాళ్లు బాగా నొప్పిగా ఉన్న ఈ నెలలు తగ్గించమంటాను, కాళ్లకి బలం వచ్చాక పూజకో భోజనానికో కూర్చోవచ్చు. మరుగుదొడ్డి విషయం మాత్రం ఇప్పుడే చూడండి, నేల మీది దొడ్డి అయితే మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ ఒకటి కొనండి, గోడకి పట్టుకునే రాడ్డు ఒకటి బిగించండి. మోకాళ్ల నొప్పులున్న చాలామంది దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని భయపడి నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఉద్దానంలో అది మరీ ప్రమాదం.

కసరత్తులు ఎక్కువ ఇవ్వను, ఎక్కువ ఇస్తే ఏదీ చేయరు. మొదటిది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి, కుర్చీలోంచి లేవడం. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ గోడకి ఆనించండి, జారకుండా. మోకాళ్లు బాగా నొప్పిగా ఉంటే కూర్చునే చోట గట్టి దిండు వేసి ఎత్తు చేయండి. అమ్మగారు కుర్చీ అంచుకి జరగాలి, పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి లాగి, భుజాల వెడల్పులో పెట్టాలి. చేతులు గుండెల మీద. ముక్కు కాలి వేళ్ల మీదకి వచ్చేదాకా ముందుకి వంగి, మడమలతో నేలని తొక్కుతూ లేవాలి. మోకాళ్లు రెండూ లోపలికి ముడుచుకోకుండా బయటికే ఉండాలి. లేవడం కంటే కూర్చోవడం ముఖ్యం, ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టుకుంటూ నిదానంగా దిగాలి, దబ్బున పడకూడదు. ఐదుసార్లు పొద్దున, ఐదుసార్లు సాయంత్రం. సులువుగా అనిపించాక పదికి పెంచండి, తర్వాత దిండు తీసేయండి, ఆ తర్వాత చేతిలో కేజీ పప్పు ప్యాకెట్ పట్టుకుని చేయించండి. తొడలు, పిరుదులు, నడుం మూడూ ఇందులోనే పనిచేస్తాయి, దొడ్లోంచి లేవడం, బస్సెక్కడం, మెట్లు, అన్నిటికీ ఇదే ఆధారం.

రెండోది మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించడం. మూడోది బోర్లా పడుకోవడం, ముందు ఊరికే రెండు నిమిషాలు, తర్వాత మోచేతుల మీద ఛాతీ ఎత్తి. ఈ మూడో దానికి ఒక గుర్తు ఉంది. నొప్పి పిక్కలోంచి తొడలోకి, తొడలోంచి నడుములోకి పైకి వస్తుంటే మంచిదే, నడుంలో కొంచెం పెరిగినా సరే కొనసాగించవచ్చు. కిందకి కాలిలోకి దిగుతుంటే అది ఆవిడకి సరిపడదు, ఆపేయాలి. కొంతమందికి వెనక్కి వంగితే ఎక్కువవుతుంది, కాస్త దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంది. అలాంటివాళ్లకి బోర్లా పడుకోవడం బదులు మోకాళ్లు ఛాతీకి లాక్కోవడం, నడక బదులు సైకిల్ బాగా పనిచేస్తాయి.

నడక. అరగంట నడవమని చెప్పి వదిలేయడం వల్లే చాలామంది మూడో రోజు మానేస్తారు. నొప్పి పెరగకుండా ఇప్పుడు ఎంతసేపు నడవగలరో చూడండి, పది నిమిషాలు అనుకోండి, అందులో ఏడెనిమిది నిమిషాలతో మొదలుపెట్టండి, రోజుకి రెండుసార్లు. రెండు మూడు రోజులకోసారి ఒక నిమిషం కలపండి. చెప్పుల విషయంలో, అరిగిపోయిన హవాయి చెప్పులతో వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. ఒక మోకాలు ఎక్కువ నొప్పైతే దానికి ఎదురు చేతిలో కర్ర పట్టుకోవాలి, నొప్పి ఉన్న వైపు కాదు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, నడుం నొప్పి తగ్గినవాళ్లకి ఫిజియోథెరపిస్టు సాయంతో మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదుసార్లు అరగంట నడక దాకా తీసుకెళ్తే, నొప్పి మళ్లీ రావడానికి సగటున 208 రోజులు పట్టింది, ఆ సాయం అందనివాళ్లకి 112 రోజులకే వచ్చేసింది. మా ఊళ్లో అయోధ్య మైదానంలో పొద్దున్నే నడిచేవాళ్లలో నా పాత పేషెంట్లు కనిపిస్తూనే ఉంటారు, ఆపరేషనే గతి అని నిరాశపడి వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

కసరత్తు చేస్తే నొప్పి వస్తోంది, ఆపాలా అని తప్పకుండా అడుగుతారు. సున్నా నుంచి పది దాకా కొలిస్తే, చేసేటప్పుడు నాలుగు దాకా పర్వాలేదు. అసలు చూడాల్సింది మర్నాడు పొద్దున. నిన్నటి మోతాదు నొప్పే ఉంటే అంతే కొనసాగించండి. మర్నాడు పొద్దున ఎక్కువైతే, మోకాలు వాస్తే, మానేయకుండా సగానికి తగ్గించండి. బాగున్న రోజు రెండు రోజుల పని ఒకేసారి చేసేసి, తర్వాత మూడు రోజులు పడుకోవడం, ఇది మన ఆడవాళ్లలో మరీ ఎక్కువ, పండగ ముందు ఇల్లంతా ఒక్కరోజులో కడిగేస్తారు. ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ అయిన వారం నా దగ్గర మోకాళ్లు వాచినవాళ్లు క్యూ కడతారు. 32 కిలోమీటర్లు, అంతకుముందు కిలోమీటరు కూడా నడవనివాళ్లు. భక్తిని నేను ఆపను, ఆ నడక రెండు నెలల ముందు నుంచి మొదలుపెట్టమంటాను, అంతే.

బరువు ఎక్కువగా ఉంటే మోకాళ్లకి అది తగ్గించడంకంటే మంచి మందు లేదు. ఒక కేజీ తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుంది. అన్నం ఒక పూట తగ్గించి చోడంబలి (రాగి అంబలి) తాగడం మనకి కొత్త కాదు, 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఈ వయసు ఆడవాళ్ల ఎముకలకి అది కావాలి. కిడ్నీ పరీక్షలో ఏదైనా తేడా వస్తే మాత్రం ఆహారం మొత్తం డాక్టరు చెప్పినట్టే. నూనె రాసుకోవడం, వేడి కాపడం, హాయిగా ఉంటే చేసుకోనివ్వండి, నష్టం లేదు, చేసుకున్న వెంటనే కసరత్తు చేస్తే ఇంకా సులువు. పరుపు మరీ గట్టిది అక్కర్లేదు, ఓ మోస్తరు గట్టిగా ఉన్నది చాలు. మోకాలిలో గొట్టం పెట్టి కడిగితే అరుగుదల నొప్పి పోతుందని ఎవరైనా చెప్తే తొందరపడకండి. 2002లో అమెరికాలో కొందరికి నిజంగా కడిగి, కొందరికి చర్మం మీద గాటు మాత్రమే పెట్టి చూశారు, రెండు వర్గాలకీ ఫలితం ఒకటే. మోకీలు మార్పిడి ఆపరేషన్ వేరే సంగతి, అది మంచి ఆపరేషనే. రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి, ఇంట్లోనే తిరగలేకపోవడం, కాలు వంకర పోవడం, మూడు నుంచి ఆరు నెలలు సరిగ్గా కసరత్తు చేసినా లాభం లేకపోవడం, అప్పుడు ఆలోచించాలి. అప్పటికి తొడలో బలం ఉంటే ఆపరేషన్ తర్వాత కోలుకోవడం కూడా తేలిక.

ఇప్పుడు, నేను చెప్పినవేవీ మొదలుపెట్టకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన సందర్భాలు. మూత్రం, దొడ్డి పట్టు తప్పినా, మూత్రం రాక ఆగిపోయినా, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు, గంటలు లెక్కే. పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే ఆలస్యం చేయొద్దు. కింద పడ్డాక మొదలైన నొప్పి, స్టెరాయిడ్ వాడిన మనిషిలో హఠాత్తుగా వచ్చిన నడుం నొప్పి, వెన్నుపూస విరిగి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాలి. ఒక మోకాలు మాత్రమే ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. పొద్దున లేవగానే కీళ్లు గంటకి పైగా బిగుసుకుపోయి, వేళ్ల కణుపులు కూడా వాస్తుంటే అది అరుగుదల కాదు, రుమటాయిడ్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లని వాచేలా చేసే జబ్బు) కావొచ్చు, దానికి మందులు వేరే ఉన్నాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

నా దగ్గరకి నడుం నొప్పని వచ్చిన ఒకావిడకి పడుకున్నా తగ్గేది కాదు, రాత్రిళ్లు ఎక్కువయ్యేది, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, చీర కుచ్చిళ్లు వదులైపోతున్నాయని ఆవిడే చెప్పింది. కసరత్తు చెప్పకుండా ఆస్పత్రికి పంపాను, వెన్నుపూసలో టీబీ అని తేలింది, మందులతో బాగుపడింది. మన దేశంలో ఈ సంగతి ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి. రాత్రి నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, గతంలో కాన్సర్ ఉండటం, వీటిలో ఏదున్నా ముందు పరీక్షలు, తర్వాతే కసరత్తులు.

మీరు దూరంగా ఉన్నారు కాబట్టి ఒక మాట. జాగ్రత్తమ్మా, ఏ పనీ చేయొద్దు అని రోజూ ఫోన్లో చెప్పకండి, ప్రేమతోనే చెప్తారు, వినేవాళ్లకి మాత్రం నా ఒళ్లు పనికిరాదు అని నాటుకుపోతుంది. ఇవాళ ఎంత నడిచావు, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచావు అని అడగండి. పని మాన్పించాలా అన్నదానికి, ఆర్థికంగా అవసరం లేక ఆవిడే మానేస్తానంటే సరే, కానీ షెడ్డులో తోటివాళ్లు, మాటలు, సొంత డబ్బు, ఇవన్నీ ఆవిడకి ఉంటే నొప్పి పేరు చెప్పి లాగేయొద్దు. సగం రోజు పనికి తగ్గించుకుని చూడమనండి, రెండు నెలల తర్వాత మళ్లీ ఆలోచించవచ్చు.

క్రియాటినిన్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి. దాంతోపాటు పొద్దున బిగుసుకోవడం ఎంతసేపు ఉంటోంది, నొప్పి మోకాలు దాటి కిందకి దిగుతోందా, మడమల మీద నాలుగడుగులు వేయగలుగుతున్నారా, ఈ మూడూ ఆవిడని అడిగి చెప్పండి. వాటిని బట్టి రెండో కసరత్తూ మూడో కసరత్తూ ఉంచాలా మార్చాలా చెప్తాను. కుర్చీ కసరత్తు, నడక మాత్రం, పైన రాసిన ప్రమాద గుర్తులు ఏవీ లేకపోతే, రిపోర్టు కోసం ఆగకుండా రేపే మొదలుపెట్టించండి.